బిళ్ళ వేసే కొద్దీ పచ్చ

ఎండాకాలం వచ్చిందంటే గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు చుట్టుపక్కల ఇన్‌స్టా అంతా నీలం రంగే. ఎవరో ఒకళ్ళు ఫామ్‌హౌస్ పూల్‌లోకి స్లో మోషన్‌లో దూకుతుంటారు. వెనకాల మిరప చేలు, పక్కన కొబ్బరి చెట్టు, పైనుంచి డ్రోన్ షాట్. లైకులే లైకులు. అదే పూల్ రెండు వారాల తర్వాత ఎట్టా ఉందో మాత్రం ఎవరూ రీల్ పెట్టరు. ఎందుకంటే అప్పటికి అది నీలం కాదు, గోంగూర ఉడకబెట్టిన నీళ్ళ రంగు.

ఈ వారం మన కాలమ్ ఆ పెట్టని రీల్ గురించే. పూల్ ఉన్నవాళ్ళకి ఎంత పనికొస్తుందో, టికెట్ కొని ఈతకి వెళ్ళేవాళ్ళకీ అంతే పనికొస్తుంది. కాబట్టి మనకి పూల్ ఎక్కడుందిలే అని స్క్రోల్ చేసెయ్యొద్దు.

మా బావది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి వ్యవసాయం. మిర్చికి మంచి రేటు పలికిన ఏడాది, పెరట్లో పాత పశువుల కొట్టం తీసేసి ఆ చోట స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. లెక్కేస్తే దాదాపు 32 వేల లీటర్లు. ఆ డబ్బుతో బంగారం కొనుంటే ఈపాటికి ఎంతయ్యేదో అని మా అక్క ఇప్పటికీ లెక్క చెబుతానే ఉంటుంది.

ఏప్రిల్‌లో బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, మూడోసారి పచ్చబడింది. బిళ్ళలు వేస్తానే ఉన్నా. రోజుకొకటి వేస్తన్నా. ఇంకెన్ని వెయ్యాలి? వచ్చే ఆదివారం చిన్నదాని పుట్టినరోజు. వీధిలో పిల్లల్ని పదిహేను మందిని పిలిచింది, అందరూ టవళ్ళు తెచ్చుకోవాలంట."

మిరపకి ఏం కావాలో పాచికీ అదే

ఈ పచ్చని మనం పాచి అంటాం, నాచు అంటాం. పుస్తకాల్లో ఆల్గే. కంటికి కనపడనంత చిన్న కణాలు. గాలిలో వస్తాయి, వాన చినుకుల్లో వస్తాయి, పిట్టల కాళ్ళకి అంటుకుని వస్తాయి, కాలువలో ఈది వచ్చిన నిక్కరుతో కూడా వస్తాయి. రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. వచ్చినవి పెరగకుండా చెయ్యడం ఒక్కటే మన చేతిలో ఉంది.

పెరగడానికి దానికి కావాల్సినవి ఎండ, నీళ్ళు, నత్రజని, భాస్వరం. మన పల్నాడులో ఎండకి కొదవా? రెంటచింతల పేరు టీవీలో వినని వేసవి లేదు. ఇక నత్రజని, భాస్వరం అంటారా, చుట్టూ ఉన్నది మిరప చేలు. యూరియాలో నత్రజని 46 శాతం. డీఏపీలో నత్రజని 18, భాస్వరం 46. దానిపైన ఆకుల మీద కొట్టే 19-19-19. పక్క చేలో స్ప్రే చేస్తుంటే గాలివాటుకి కొంత పూల్‌లో పడుతుంది. పెద్ద వాన కురిస్తే చేలో నీళ్ళు పెరట్లోకి పారతాయి. మనం మిరపకి పెట్టిన మేతలో కొంత పాచి తినేస్తుందన్నమాట.

నింపే నీళ్ళ సంగతీ చూడాలి. బోరు నీళ్ళయితే మన వైపు ఎక్కువగా ఉప్పదనం, కాఠిన్యం. ఎరువులు బాగా వాడే చోట భూగర్భ జలంలో నైట్రేటు కూడా ఉంటుంది. సాగర్ కుడి కాలువ నీళ్ళయితే ఒండ్రు, చేల మీదుగా వచ్చిన ఎరువు. ఏ నీళ్ళు పోసినా పాచికి భోజనం దొరికినట్టే. అందుకే నీళ్ళలో ఎప్పుడూ క్లోరిన్ కాపలా ఉండాలి. ఆ కాపలా ఒక్కరోజు తప్పినా చాలు.

ఇది పల్లెటూళ్ళ బాధే అనుకోకండి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ జరుగుతుంటే డైవింగ్ పూల్ రాత్రికి రాత్రి పచ్చబడింది. ప్రపంచమంతా టీవీలో చూసింది. ఆ నీళ్ళలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారని, అది క్లోరిన్‌ని పనికిరాకుండా చేసిందని నిర్వాహకులు తర్వాత చెప్పారు. పక్కనున్న ఇంకో పూల్‌కయితే నీళ్ళు మొత్తం తోడేసి కొత్తవి నింపాల్సొచ్చింది. కాపలా పోతే ఒలింపిక్స్ అయినా ఒకటే, మా బావ పెరడు అయినా ఒకటే.

మరి రోజూ బిళ్ళ వేస్తుంటే ఎందుకు వస్తంది?

అసలు కథ ఇక్కడుంది. బావ వేస్తున్నది టీసీసీఏ 90 అనే తెల్ల బిళ్ళలు. ఒక్కోటి 200 గ్రాములు. పూల్ కట్టిన కాంట్రాక్టరు "రోజుకొకటి వెయ్యండి, పచ్చగా అయితే రెండు వెయ్యండి" అని చెప్పి వెళ్ళాడు. అందులో ఇంకేం ఉందో చెప్పలేదు.

ఉత్త క్లోరిన్‌కి ఎండంటే పడదు. మన వేసవి ఎండలో రెండు గంటలు గడిస్తే చాలా భాగం పోతుంది. అందుకే ఈ బిళ్ళలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ అనే గొడుగు కూడా పెడతారు. కొద్దిగా ఉంటే మంచిదే. 30 నుంచి 50 పీపీఎం దాకా ఉంటే క్లోరిన్ ఎండకి తట్టుకుంటుంది. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. నీళ్ళ విషయంలో లీటరుకి ఒక మిల్లీగ్రాము అనుకోండి.

చిక్కేంటంటే, క్లోరిన్ పని చేసి ఖర్చయిపోతుంది. గొడుగు ఖర్చవ్వదు, ఆవిరి కాదు, ఫిల్టర్‌లో ఆగదు. నీళ్ళలోనే పోగుపడుతుంది. 200 గ్రాముల బిళ్ళలో దాదాపు 110 గ్రాముల గొడుగు ఉంటుంది. 32 వేల లీటర్లలో అది 3 పీపీఎం పైమాటే. రోజుకొకటి చొప్పున నెలయ్యేసరికి 100 దాటుతుంది. గొడుగులు అంత కిక్కిరిసిపోతే క్లోరిన్ వాటి కిందే ఉండిపోతుంది, బయటకొచ్చి పాచిని పట్టుకోలేదు. మామూలు టెస్ట్ చేస్తే "క్లోరిన్ ఉంది" అనే చూపిస్తుంది. కానీ అది పని చెయ్యని క్లోరిన్. మనమేమో పచ్చబడిందని ఇంకో బిళ్ళ వేస్తాం. ఇంకో గొడుగు తయారు.

పూల్ చూసుకునేవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. గొడుగు ఎంత ఉందో అందులో ఏడెనిమిది శాతం క్లోరిన్ ఎప్పుడూ ఉంటే పాచి రాదు. గొడుగు 50 ఉంటే క్లోరిన్ 4 చాలు. 200 ఉంటే 15 కావాలి. రోజూ 15 ఎవరు నిలబెట్టగలరు?

బావ పూల్ నీళ్ళని టెస్ట్ కిట్‌తో చూశాం. కిట్‌లో స్కేలు 100 దగ్గరే ఆగిపోయింది. సగం పూల్ నీళ్ళు, సగం మంచినీళ్ళు కలిపి మళ్ళీ చూస్తే 90 వచ్చింది. రెండింతలు చేస్తే 180. రెండు నెలల బిళ్ళల లెక్కకి దగ్గరగా సరిపోయింది. పీహెచ్ 8 దాటి ఉంది. అది ఇంకో దెబ్బ. గొడుగు సంగతి పక్కన పెట్టినా, పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8 దగ్గర నాలుగో వంతుకి పడిపోతుంది.

"అయితే మైలుతుత్తం కొట్టేద్దాం" అన్నాడు బావ. మిరపకి తెగుళ్ళొస్తే బోర్డో మిశ్రమం కొట్టిన చెయ్యి కదా. రాగి పాచిని చంపే మాట నిజమే. కానీ మన కఠినమైన బోరు నీళ్ళలో అది త్వరగా అడుక్కి దిగిపోతుంది. గోడల మీద మరకలు పడతాయి. అసలు జబ్బు గొడుగుల దగ్గర ఉంటే ఇది పైపూత.

పళ్ళెం పరీక్ష

నేను వెళ్ళింది శుక్రవారం. ఆదివారం పుట్టినరోజు. పిల్లలందరికీ కబురెళ్ళిపోయింది. బావకి పరువు సమస్య. "మేం సాగర్ కాలవలో సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నాం. ఆ నీళ్ళేమన్నా తెల్లగా ఉన్నయ్యా? ఏం కాదులే, ఒక్కరోజే కదా" అన్నాడు.

నేను వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి, పూల్‌లో లోతు తక్కువ ఉన్న వైపు వదిలాను. మూడడుగులు కూడా ఉండవు. అందరం వంగి చూశాం. పళ్ళెం లేదు.

అక్క ఒక్క మాటే అంది: "పళ్ళెం కనపడనిది పిల్ల మునిగితే కనపడుద్దా?" అని వెళ్ళి పెరటి గేటుకి తాళం వేసింది. బావ మళ్ళీ మాట్లాడలేదు.

పచ్చ నీళ్ళలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. దురద, చెవి పోటు, కడుపునొప్పి తర్వాత సంగతి. నీళ్ళలో మునిగే పిల్లలు సినిమాలో లాగా చేతులూపి కేకలు వెయ్యరు. చప్పుడు లేకుండా వెళ్ళిపోతారు. పదిహేను మంది పిల్లలు ఉన్న చోట ఒకళ్ళు అడుగున ఉన్నారని తెలియాలంటే అడుగు కనపడాలి.

ఇంకో సంగతి. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిన మెదడు జ్వరం గురించి వినే ఉంటారు. దానికి కారణమైన అమీబా వెచ్చటి మంచినీళ్ళలో, సరిగ్గా క్లోరిన్ లేని కొలనుల్లో బతుకుతుంది. నీళ్ళు తాగితే రాదు, ముక్కులోంచి వెళ్తే వస్తుంది. చాలా అరుదే. కానీ వస్తే బతకడం కష్టం. పచ్చగా ఉన్న నీళ్ళంటే క్లోరిన్ కాపలా లేని నీళ్ళని అర్థం. దూకేటప్పుడు నీళ్ళు ముందు వెళ్ళేది ముక్కులోకే.

ఆదివారం పిల్లలొచ్చారు. కేకు కోశారు, చేలో బోరు కింద తొట్టి దగ్గర పైపుతో ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు కొట్టుకున్నారు. మా మేనకోడలు మాత్రం నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఏం చేశామంటే

ముందు గొడుగులు తగ్గాలి. దానికి మందు లేదు, నీళ్ళు మార్చడమే దారి. మొత్తం ఒక్కసారే తోడెయ్యొచ్చు కదా అంటారా? మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. లోపల నీళ్ళు గోడని బయటికి నెడుతుంటే, బయట మట్టి లోపలికి నెడుతుంటుంది. పూల్ మొత్తం ఖాళీ చేస్తే ఆ బ్యాలెన్స్ పోయి గోడ పగలొచ్చు. వానాకాలం భూమిలో నీళ్ళు పైకొచ్చినప్పుడయితే ఖాళీ పూల్ పడవలా పైకి లేచే ప్రమాదం కూడా ఉంది.

అందుకని రెండు విడతల్లో చేశాం. సగం తోడి నింపితే 180 కాస్తా 90. ఇంకో సగం తోడి నింపితే 45. బిళ్ళలు ఆపేసి, నీళ్ళని ఎండకి వదిలేసి, కిట్‌లో క్లోరిన్ సున్నాకి వచ్చాక ఆ నీళ్ళని గట్టు మీద కొబ్బరి, టేకు చెట్లకి మళ్ళించాం.

తర్వాత పీహెచ్‌ని 7.2కి దించాం. మర్నాడు సాయంత్రం, ఎండ పోయాక, కొత్తగా కొన్న బ్లీచింగ్ పౌడర్ వేశాం. కొత్తది అని ఎందుకంటున్నానంటే, మంచి బ్లీచింగ్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూతి విప్పి మూలన పడేసిన సంచిలో చెమ్మకి అది తగ్గిపోతుంది, సున్నం మిగులుతుంది. ఈ పూల్‌కి కిలో బ్లీచింగ్ అంటే దాదాపు 10 పీపీఎం. మేం రెండు కిలోలు వాడాం. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, అందులో పొడి కొద్దికొద్దిగా కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే పూల్ చుట్టూ పోశాం.

ఆ తర్వాత చీపురు పని. గోడలకి అంటుకున్న పాచి జిగురు పొర కప్పుకుని ఉంటుంది. రుద్దితేగానీ క్లోరిన్ దానికి తగలదు. మెట్ల కింద, నిచ్చెన వెనక, లైటు అంచుల్లో రుద్దాలి. మళ్ళీ పచ్చబడటం మొదలయ్యేది ఆ మూలల్లోంచే. పంపు రాత్రీ పగలూ ఆడింది. ఫిల్టర్‌లో ప్రెషర్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేశాం. క్లోరిన్ పడిపోయినప్పుడల్లా మళ్ళీ పోశాం. మూడో రోజుకి పచ్చ పోయి బూడిద రంగు వచ్చింది. అది చచ్చిన పాచి. ఐదో రోజుకి పళ్ళెం కనపడింది.

పాచి నిజంగా పోయిందా, దాక్కుందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చీకటి పడ్డాక క్లోరిన్ కొలవాలి, తెల్లారి ఎండ రాకముందే మళ్ళీ కొలవాలి. రాత్రి ఎండ లేదు, ఎవరూ దిగలేదు. అయినా 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గిందంటే తింటున్నది ఎవరో లోపల ఉన్నారు. తగ్గకపోతే పని అయిపోయినట్టు. ఆరో రోజు తెల్లవారుజామున తగ్గలేదు. క్లోరిన్ దానంతటది 4కి దిగే దాకా ఆగి, అప్పుడు పిల్లల్ని దింపాం.

ఇప్పుడు బావ రోజూ సాయంత్రం బ్లీచింగ్ తేట పోస్తాడు. ఊరెళ్ళేటప్పుడు మాత్రమే బిళ్ళ. పూల్ అంచు చుట్టూ అరడుగు గట్టు కట్టించి, వాన నీళ్ళు చేలోంచి రాకుండా చేశాడు. పక్క చేలో స్ప్రే ఉన్న రోజు పైన టార్పాలిన్ కప్పుతాడు.

రైతు ఇంట్లో ఈ జాగ్రత్తలు

మిగతా పూల్ వీడియోల్లో ఇది చెప్పరు, ఎందుకంటే వాళ్ళ ఇళ్ళల్లో యూరియా బస్తాలు ఉండవు. బ్లీచింగ్ గానీ టీసీసీఏ గానీ యూరియా, డీఏపీ ఉన్న గదిలో పెట్టొద్దు. యూరియా, క్లోరిన్ మందులు కలిస్తే పేలే గుణమున్న పదార్థం తయారవుతుంది. పురుగుమందు కొలిచే జగ్గు, స్ప్రే డబ్బా వీటికి వాడొద్దు.

బ్లీచింగ్‌ని, టీసీసీఏ బిళ్ళని ఒకే బకెట్లో కలపొద్దు. మంటలు రావచ్చు. బాత్రూం యాసిడ్‌ని బ్లీచింగ్‌తో అసలు కలపొద్దు. వచ్చేది క్లోరిన్ గ్యాస్. 1915 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్రా దగ్గర సైనికుల మీదకి వదిలింది దీన్నే. పీహెచ్‌కి యాసిడ్ వేసిన పూట బ్లీచింగ్ వెయ్యొద్దు. ఎప్పుడైనా నీళ్ళలోకి మందు పొయ్యాలి, మందు మీద నీళ్ళు కాదు.

మా బావ పక్కింటి బాబాయ్ ఇదంతా చూసి, "మన మంచినీళ్ళ చెరువు కూడా పచ్చగానే ఉంది, దానికీ ఇట్టాగే చేద్దామా?" అన్నాడు. వద్దు. చెరువులో పాచి ఒక్కసారే చస్తే అది కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి చేపలు తేలతాయి. కొన్ని రకాల నీలి పాచి చచ్చేటప్పుడు విషం వదులుతుంది. ఆ నీళ్ళు ఫిల్టర్ బెడ్ దాటాక క్లోరిన్ వెయ్యాలి, అది పంచాయతీ వాళ్ళ పని. వాళ్ళు చేస్తున్నారా లేదా అని అడగడం మన పని.

టికెట్ కొనేవాళ్ళకి

సొంత పూల్ లేనివాళ్ళే ఎక్కువ మంది. వేసవిలో గంటకింత అని టికెట్ తీసుకుని దూకేస్తాం. దూకే ముందు ఒక్క నిమిషం ఆగి ఇవి చూడండి.

అన్నిటికన్నా లోతైన చోట అడుగున జాలీ ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే దాని గీతలు స్పష్టంగా కనపడాలి. మసగ్గా ఉన్నా దిగొద్దు.

గోడని చేత్తో తడమండి. జారుతుంటే పాచి మొదలైనట్టే, నీళ్ళు ఎంత నీలంగా కనపడినా సరే. ఆ నీలం చాలాసార్లు టైల్స్ రంగు.

ముక్కు పగిలేలా "క్లోరిన్ వాసన" వస్తుంటే బాగా శుభ్రంగా ఉందని మురిసిపోకండి. చెమట, ఉచ్చతో కలిసి క్లోరిన్ సగం చచ్చిపోయినప్పుడు వచ్చే వాసన అది. సరిగ్గా చూసుకునే పూల్‌కి అంత ఘాటు ఉండదు.

ఆఖరున కౌంటర్ దగ్గర అడగండి: "ఇవాళ క్లోరిన్ ఎంత, పీహెచ్ ఎంత?" రోజూ కొలిచేవాడు రిజిస్టర్ తీసి చూపిస్తాడు. కొలవనివాడు మీ మొహం వంక చూస్తాడు. రెండోవాడి దగ్గర టికెట్ డబ్బులు వెనక్కి అడిగి, ఆ డబ్బుతో గోలీసోడా తాగి ఇంటికి రండి.